తప్పిన బ్యాచ్, చేటలో ఇసుక

మొన్న పొద్దున్నే వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపినోడు ఎప్పుడూ టైప్ చెయ్యడు, వయసు యాభైకి దగ్గర పడుతున్నా సంక్రాంతి శుభాకాంక్షలు కూడా నోటితోనే చెప్తాడు. "మేడంగారండీ, పెద్దమేష్టారు పోయారండి. రాత్రి నిద్దట్లోనే అయిపోయిందంటండి. మీకు చెప్పాలి కదా అనీ..." వెనకాల ఎక్కడో చెక్క మీద బాడిస దెబ్బలు పడుతున్నాయి, కాసేపు ఏం మాట్లాడకుండా అలా ఉండి "ఆయ్, ఉంటానండి" అని కట్ చేసేసాడు.

మేష్టారికి తొంభై దాటాయి, గుండెలు బాదుకునే చావేం కాదు. కానీ ఆ రోజంతా హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో నాకు నానిన కొబ్బరి డొక్కల వాసన వస్తూనే ఉంది. మా ఆయన్ని అడిగితే "నీకేమన్నా పిచ్చా, పక్కింట్లో సాంబారు వాసన అది" అన్నారు.

అమలాపురానికి కాస్త అవతల కాలవ గట్టు మీద ఉండేది మా ట్యుటోరియల్. ట్యుటోరియల్ అంటే ఏముంది, రేకు బోర్డు ఒకటి, కొబ్బరాకులు కప్పిన షెడ్డు ఒకటి, నాలుగు బల్లలు, పక్కనే పీచు మిల్లు. డొక్కలు నానబెట్టిన గుంటల్లోంచి కంపు, మిల్లు తిరుగుతుంటే దడదడ, మధ్యలో కరెంటు పోతే ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం అయిపోయి మా పిల్లల చదువులు మాత్రం కాలవ అవతలి గట్టు దాకా వినపడేవి. 96 తుఫానుకి ముందు మాట ఇది. ఆ నవంబరు తుఫాను చూసినోళ్ళకి కోనసీమలో కాలం రెండు ముక్కలే, తుఫానుకి ముందు, తుఫాను తర్వాత.

నేను అప్పుడే బీఎడ్ అయ్యి ఇంగ్లీషు చెప్పడానికి చేరాను. మార్చిలో పది తప్పి సెప్టెంబరుకి కట్టే పిల్లలు మా దగ్గరకి వచ్చేవాళ్ళు, తప్పిన బ్యాచ్ అనేవారు ఊళ్ళో. పెళ్ళిళ్ళలో కనపడితే చాలు "ఏరా, నీది తప్పిన బ్యాచ్చేనా" అని అడిగే పెద్దమనుషులకి కొదవలేదు. పెద్దమేష్టారు ఎలిమెంటరీ స్కూల్లో రిటైరై తెలుగు చెప్పడానికి వచ్చేవారు, జీతం అంటారా, కొబ్బరికాయలూ ఒక్కోసారి బియ్యం బస్తా. తెల్ల పంచె, భుజాన కండువా, సైకిలు హ్యాండిల్‌కి ఒక వెదురు చేట తగిలించుకుని వచ్చేవారు. చేట ఎందుకో మొదట్లో నాకు అర్థం కాలేదు.

కొత్త బ్యాచ్ వచ్చిన రోజు ఆయన పుస్తకం తీసేవారు కాదు. పిల్లల్ని గట్టు మీదకి తీసుకెళ్ళి కబుర్లేసేవారు. మీ ఊరి రేవులో పోటు ఎప్పుడొస్తుంది, పాటు ఎప్పుడు తీస్తుంది, దాళ్వాకి, అదే రెండో పంటకి, ఏం విత్తనం వేసారు, కాలవలు కట్టేసినప్పుడు పశువులకి నీళ్ళెలా, ఇలాంటివి. ఒక్కొక్కడు ఎంత బాగా చెప్పేవాడో. షెడ్డులోకి వచ్చాక ఒక్కొక్కణ్ణీ పక్కకి పిలిచి, ఎవరికీ వినపడకుండా, పాత పేపర్లోంచి రెండు లైన్లు చదివించేవారు. సాయంత్రం నాతో అనేవారు, "చూడమ్మాయ్, ఈ బ్యాచ్‌లో చదవనోళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళని నువ్వు తిట్టు, నేను తిడతాను, దారికొస్తారు. చదవలేనోళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళ జోలికి తిట్లు తీసుకెళ్ళకు." చదవడంలో ఈ ఇబ్బందికి డిస్లెక్సియా అని పేరుందని ఆయన వినలేదు, అప్పటికి నేనూ వినలేదు.

ఇందాకటి వాయిస్ మెసేజ్ కుర్రాడు అలాంటి ముగ్గురిలో ఒకడు. వాళ్ళది తాళ్ళరేవు వైపు, పడవలు కట్టే కుటుంబం. చదువు కోసం ఇక్కడ అమ్మమ్మ గారింట్లో పెట్టారు. యానాం ఎదుర్లంక వంతెన లేదప్పటికి, శనివారం వస్తే పంటెక్కి గోదారి దాటి ఇంటికెళ్ళి సోమవారం మళ్ళీ పంటు మీదే వచ్చేవాడు, ఒక్కోసారి పంటు తప్పిపోయిందని మధ్యాన్నానికి దిగేవాడు. పదహారేళ్ళకే మాను చూసి ఎన్ని పలకలు దిగుతాయో చెప్పేవాడు, పడవ అడుగున వేసే దుంగకి వంపు ఎక్కడ రావాలో కళ్ళతోనే కొలిచేసేవాడు. అదే మనిషి చైత్రం నుంచి పన్నెండు నెలలు వరసగా చెప్పమంటే నీళ్ళు నమిలేవాడు. కుడి ఎడమ అంటే ఒక్క క్షణం చేతులు చూసుకునేవాడు. ఏడో ఎక్కం ఎప్పుడూ మధ్యలో తెగిపోయేది.

చదవమంటే "పుస్తకం" అన్నది "పుసకం" అయ్యేది, "ప్రభుత్వం" అన్నది "పబుతం". ఒత్తులు జారిపోయేవి, గుణింతాలు మారిపోయేవి, లైను చివరికి వచ్చేసరికి మళ్ళీ అదే లైను మొదలెట్టేవాడు. చెమటలు పట్టేవి పాపం. ఒకసారి అడిగాను ఏమవుతోందిరా నీకు అని. "అక్షరాలు తెలుసండి. ఒక్కోటీ అడగండి చెప్తాను. కలిపేసరికి ముందుది మర్చిపోతానండి" అన్నాడు. తర్వాత ట్రైనింగుల్లో ఎంతమంది ఎన్ని స్లైడ్లు వేసి చెప్పినా ఇంత శుభ్రంగా చెప్పినోళ్ళు నాకు కనపళ్ళేదు.

వాడి చేతే "పడవ" రాయించారు మేష్టారు మొట్టమొదట. చేటలో కోటిపల్లి రేవు నుంచి తెచ్చిన ఇసుక, తడిపి సమంగా పరిచి, రెండు వేళ్ళతో పెద్దగా దిద్దాలి, దిద్దుతూ గట్టిగా అనాలి, అంటూనే చూడాలి. వాడికి ప కీ వ కీ తేడా అందేది కాదు. తలకట్టు అంటుకుంటే వ, విడిగా నిలబడితే ప, మనకి అంతే కదా అనిపిస్తుంది గానీ ఆ అంతే అన్నది వాడికి పదేళ్ళుగా దొరకలేదు. మేష్టారు ఆ రెండూ ఎప్పుడూ ఒకేసారి చెప్పేవారు కాదు. ముందు ప ఒక్కటే, పడవ పేరులో ప, పంటులో ప, పోటులో ప, పాటులో ప. అది వేళ్ళలోకి దిగేదాకా వ ఊసెత్తేవారు కాదు, వాడు పడవలో చివరి అక్షరం అడిగితే "అది వచ్చే నెల చూద్దాంలే" అనేవారు. మ, య కూడా అంతే. బ, భ కూడా అంతే. ప్రతి రోజూ నిన్నటిది ముందు, మొన్నటిది తర్వాత, కొత్తది చివర్లో కొంచెం. చూసేవాళ్ళకి విసుగు పుట్టేది, "ఒకటో తరగతి పాఠం పదో తరగతోడికా" అని పీచు మిల్లు వాళ్ళు నవ్వేవారు కూడా. అందుకే ఆ చేట పాఠం ఎప్పుడూ షెడ్డు వెనకాల, అందరూ వెళ్ళాక.

ఒత్తులకి వేరే రంగు సుద్ద. నల్లబల్ల మీద అక్షరం తెల్లగా రాసి ఒత్తు మాత్రం ఎర్రగా రాసేవారు. మన తెలుగులో త ఒత్తు, మ ఒత్తు, ర ఒత్తు చూడండి, అసలు అక్షరానికీ దానికీ చుట్టరికమే కనపడదు, పైగా కింద వేలాడుతుంది గానీ నోట్లో తర్వాత పలుకుతుంది, సరిగ్గా అక్కడే వీళ్ళు జారిపోతారు. చప్పట్లు కొట్టించేవారు, పు, స్త, కం, మూడు చప్పట్లు. చప్పట్లకీ రాసిన ముక్కలకీ లెక్క కలవాలి, కలవకపోతే ఎక్కడో ఒకటి పోయిందని వాడికే తెలిసిపోయేది. పాత శుభలేఖ అట్టలో ఒక లైను పట్టేంత కిటికీ కోసి ఇచ్చేవారు, దాన్ని పేజీ మీద జరుపుకుంటూ చదవాలి. మా వైపు పెళ్ళిళ్ళకేం తక్కువ, అట్టలకి కరువు లేదు. వాడైతే ఆ అట్ట గురించి "ఇది లేకపోతే కింద లైను, పై లైను చేపపిల్లల్లా కలిసిపోతాయండి" అనేవాడు.

ఇంగ్లీషు నా వంతు. నేను సీ ఏ టీ క్యాట్ అని చెప్తుంటే మేష్టారు షెడ్డు గుంజకి ఆనుకుని విని, తర్వాత టీ తాగుతూ అన్నారు, "అమ్మాయ్, సీ, ఏ, టీ కలిపితే సియేటీ అవ్వాలి కదా. క్యాట్ ఎలా అయిందే? మన క అయితే క అనే అంటుంది, దాని పేరూ అదే, పలుకూ అదే. మీ ఇంగ్లీషు అక్షరానికి పేరొకటి, పలుకొకటి. ముందు పలుకు చెప్పు, పేరు తర్వాత చూసుకోవచ్చు." ఆ రోజు నుంచి మా షెడ్డులో బీ కి బీ అని కాదు, బ్ అని చెప్పడం మొదలెట్టాం. బీ, డీ తిరగబడటం మాత్రం వాడికి పూర్తిగా పోలేదు. తెలుగులో నెమ్మదిగానైనా తప్పుల్లేకుండా చదివే స్థితికి వచ్చాడు, ఇంగ్లీషులో మాత్రం ఒక్కో మాటా ఒక్కో యుద్ధం. ఇప్పుడనుకుంటాను, తెలుగు లిపి రాసినట్టే పలుకుతుంది కాబట్టి మన పిల్లలు కొంత గట్టెక్కుతారు, వాళ్ళ ఇబ్బంది తప్పుల్లో కన్నా వేగంలో కనపడుతుంది, అందుకే బద్ధకం అనేస్తారు. అలాంటి పిల్లణ్ణి ఇంగ్లీషు మీడియంలో పడేస్తే అసలు రంగు బయటపడుతుంది.

సెప్టెంబరు కాదు గానీ ఆ తర్వాత మార్చికి వాడు గట్టెక్కాడు. హిందీకి తక్కువ మార్కులొచ్చినా పాస్ కాబట్టి బతికిపోయాం. రిజల్టు వచ్చిన రోజు వాళ్ళ తాత బొమ్మిడాయిలు పట్టుకొచ్చాడు, మేష్టారు శాకాహారి, ఆ బుట్ట మా ఇంటికి చేరింది.

*

రాత్రి బడి ఇంకో కథ. తొంభైల మొదట్లో సాక్షరతా ఉద్యమం అని ఊరూరా పెద్దవాళ్ళకి చదువులు పెట్టారు గుర్తుందా, లాంతర్లు, పలకలు, వాచకాలు, గోడల మీద నినాదాలు. మేష్టారు అందులో కూడా ఉండేవారు. ఆ ఉద్యమం అయిపోయింది, వాచకాలు బీరువాల్లోకెళ్ళాయి, మేష్టారి దగ్గరకి మాత్రం కొంతమంది వస్తూనే ఉండేవారు, చీకటి పడ్డాక, చుట్టుపక్కల చూసుకుని మరీ. పెట్రోమాక్స్ లైటు సుయ్య్ మంటూ ఉండేది, దాని చుట్టూ పురుగులు.

వాళ్ళలో బడికి అసలు వెళ్ళనివాళ్ళు సగమే. మిగతా సగం అయిదు దాకా, ఏడు దాకా బళ్ళో కూర్చుని వచ్చినవాళ్ళు. వీళ్ళ బాధ ఎవరికీ పట్టలేదు. అక్షరాస్యత లిస్టు రాసేవాళ్ళు వస్తే "నువ్వు ఏడు దాకా చదివావు కదా, నీకెందుకు" అని పేరు రాసుకునేవారు కాదు. చదివినోడి లెక్కలో ఉంటాడు, చదవడం మాత్రం రాదు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు?

రైస్ మిల్లు లారీ డ్రైవరు ఒకాయన ఉండేవాడు, మీసాలూ అదీ, గట్టి మనిషి. బోర్డు చదవమంటే "కళ్ళజోడు మర్చిపోయానండి" అనేవాడు. ఆయనకి కళ్ళజోడు లేదని మిల్లులో అందరికీ తెలుసు. తాడేపల్లిగూడెం నుంచి విశాఖపట్నం దాకా దార్లన్నీ చెట్లని బట్టీ, హోటళ్ళని బట్టీ, బోర్డు రంగుని బట్టీ గుర్తు. కొత్త ఊరికి లోడు వేస్తే ముందురోజు రాత్రి నిద్రపోయేవాడు కాదంట. క్లీనరు కుర్రాడికి తెలిసిపోతుందని వాడి చేత సరుకు వివరాలుండే వేబిల్లు చదివించి "సరిగ్గా చదివావో లేదో చూస్తున్నాన్రా" అని దబాయించేవాడు. ఇది నవ్వుతూ ఆయనే చెప్పేవాడు గానీ, ఆ దబాయింపు వెనక ఎంత తెలివి ఖర్చయిందో ఆలోచించండి.

ఆయనకి మేష్టారు అమ్మ, ఆవు చెప్పలేదు. మీసాలొచ్చిన మనిషి ముందు ఆవు బొమ్మ పెడితే రేపట్నుంచి రాడు. వేబిల్లే పాఠం. ఊళ్ళ పేర్లే పదాలు. ఎరువు బస్తా మీద అక్షరాలు, విత్తనాల సంచీ, సినిమా పోస్టరు, పేపర్లో అంబాజీపేట కొబ్బరి ధర. రోజూ ఆ ధర చదవడం ఆయన పని, మిగతావాళ్ళంతా వినడానికి కూర్చునేవారు కాబట్టి తొందరేం పెట్టేవారు కాదు, పైగా ధర ఎంతో ముందే తెలిసినవాళ్ళు కూడా నోరు మూసుకుని ఆగేవారు. అది మేష్టారి గట్టి రూలు, ఎవరూ అందించకూడదు. పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు ఇప్పటికీ నేను ఇదే పాటిస్తాను, అవతలి మనిషికి రేపు పొద్దున్నే అక్కరకొచ్చే కాగితం ఏదో అదే పాఠ్యపుస్తకం.

ఇంకొకావిడ లేసు పిన్ని. నరసాపురం వైపు పుట్టి ఇటు ఇచ్చారు. అల్లిక సూది పట్టిందంటే నమూనా ఒకసారి చూసి మొత్తం దించేసేది, ఎక్కడ ఎన్ని గళ్ళు, ఎక్కడ వదలాలి, ఏ కాగితమూ అక్కర్లేదు. కమీషను ఏజెంటు పుస్తకంలో రాసిన లెక్క మాత్రం చదవలేక తగ్గించి ఇచ్చినా పుచ్చుకునేది. మేష్టారు ఆమెకి గుణింతం అల్లికలోనే చెప్పించారు నాచేత. దారంతో గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, సున్న అల్లించి, వేలితో తడుముతూ "కకు గుడిస్తే కి" అనిపించేవాళ్ళం. తడిమితే వస్తుంది, రాస్తే పోతుంది, మళ్ళీ తడిమితే వస్తుంది. చాలా నెలలు పట్టింది.

తుఫాను తర్వాత నష్టపరిహారం లిస్టు అంటించారు. కొబ్బరిచెట్లన్నీ వరసగా పడిపోయి ఉన్నాయి, మా షెడ్డు కప్పు ఎటు పోయిందో తెలీదు, బురద కంపు, జనం కిటకిట. లేసు పిన్ని లిస్టు ముందు నిలబడి వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుతోంది. వెనకాల జనం "తొరగా కానీయమ్మా, ఎవరన్నా చదివి పెట్టండయ్యా" అని అరుస్తున్నారు. ఆవిడ కదల్లేదు. మొత్తం చదివి, వెనక్కి తిరిగి, "మా ఇంటి నెంబరు ఇంకోళ్ళ పేరు మీద ఏసారండి" అంది గుమాస్తాతో. నిజమే, ఏసారు. అక్కడికక్కడ కొట్టేసి మార్చారు.

*

షెడ్డు మళ్ళీ లేవలేదు. నాకు పెళ్ళై హైదరాబాద్ వచ్చేసాను, స్పెషల్ ఎడ్యుకేషన్ చదివాను, అక్కడ దొరికింది ఈ ఇబ్బందికి పేరు. కళ్ళ జబ్బు కాదని, తెలివికి సంబంధం లేదని, మాటలోని ధ్వనుల్ని విడదీసి అక్షరాలకి అతికించే దగ్గర మెదడు పని తీరులో తేడా అని, కుటుంబాల్లో వస్తుందని, పెద్దయ్యాక కూడా ఉంటుందని. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు డాక్టరు ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి మెడికల్ జర్నల్‌లో రాసాడు, పెర్సీ అని, తెలివైనవాడు, ఆటల్లో చురుకు, చదవడం మాత్రం రాదు. చదువంతా నోటితోనే చెప్తే స్కూలు మొత్తానికి వీడే తెలివైనవాడు అవుతాడని వాళ్ళ మేష్టారు అన్నాడంట. తర్వాత అమెరికాలో ఆర్టన్ అనే డాక్టరూ, గిల్లింగ్‌హామ్ అనే టీచరమ్మా కలిసి చూస్తూ, వింటూ, చేత్తో దిద్దుతూ ఒక్కో ధ్వనీ వరస తప్పకుండా నేర్పే పద్ధతి తయారు చేసారు. క్లాసులో ఆ పాఠం వింటుంటే నాకు వెదురు చేట కనపడింది.

సెలవలకి వెళ్ళినప్పుడు మేష్టారికి ఇదంతా చెప్పాను. అమెరికా సంగతి పెద్దగా పట్టించుకోలేదు. పెర్సీ దగ్గర మాత్రం ఆపి, "ఆ కుర్రాడు చివరికి పాసయ్యాడా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "మరి అది రాయకుండా ఏం డాక్టరు" అన్నారు విసుగ్గా.

ఇప్పుడు చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు పెట్టారు, అందులో డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపాలు కూడా చేరాయి, 1995 నాటి పాత చట్టంలో ఈ ఊసే లేదు. సర్టిఫికెట్ ఉంటే పరీక్షకి రాసిపెట్టే మనిషిని అడగొచ్చు, కేంద్రం గైడ్‌లైన్స్ ప్రకారం గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు టైమ్ అడగొచ్చు. ట్రాన్స్‌పోర్టు బళ్ళ లైసెన్సుకి ఎనిమిది పాసై ఉండాలన్న రూలు కూడా 2019లో తీసేసారు, మా లారీ డ్రైవరు ఉంటే మీసం మెలేసేవాడు. కాగితం మీద అన్నీ బానే ఉన్నాయి. ఆ సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి చెప్పులరిగిపోతాయి. మొన్నామధ్య ఒక ఆఫీసులో "పిల్ల చక్కగా మాట్లాడుతోంది కదండీ, వైకల్యం ఎక్కడుంది" అని అడిగారు, ఆ పిల్ల ముందే.

ఆ పిల్ల మా పడవల వాడి కూతురే. కూతురు నాలుగో తరగతిలో ఉండగానే వాడు పట్టేసాడు, స్కూలువాళ్ళ కంటే ముందు, "మేడంగారండీ, దీనికీ నా జబ్బే వచ్చిందండి" అని. జబ్బు కాదురా అని ఎన్నిసార్లు చెప్పినా వాడి నోట అదే మాట. ఇప్పుడు పదిలో ఉంది. దానికి చేట లేదు, ఫోనుంది, పేజీని ఫొటో తీస్తే అదే చదివి వినిపిస్తుంది, తను చెప్తే అదే టైప్ చేస్తుంది, గోదారి యాస వచ్చేసరికి మాత్రం తప్పులు కొడుతుంది. రాసిపెట్టే మనిషి వద్దంటోంది, తను చెప్పేది వాళ్ళు సగమే రాస్తారని దాని అనుమానం. అదనపు టైమ్ ఒక్కటి చాలంట. ఆ టైమ్ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ నాన్న వేళ్ళ మీద ఏదో లెక్కేసి, "మరి అప్పట్లో నాకు రావాల్సిన నిమిషాలు ఎవరిని అడగాలండి?" అన్నాడు.

పదోరోజుకి నేను ఊరెళ్తున్నాను, వచ్చేటప్పుడు ఆ అమ్మాయి దగ్గర ఒకపూట కూర్చోవాలి. ఈలోగా ఒక సాయం. పదో తరగతి సోషల్ పాఠాలు తెలుగులో నిదానంగా, స్పష్టంగా చదివి రికార్డు చేసినవి ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి. బయాలజీ వరకూ నేనే చదివి పంపాను గానీ, నా గొంతు వింటే నిద్రొస్తోందంట.